కరెంటు బ్రష్షుతో పళ్ల మచ్చలు పోతాయా?

ప్రశ్న: నేను పుట్టి పెరిగింది పెనుకొండ దగ్గర పల్లెలో. చిన్నప్పుడు బోరునీళ్లే తాగినాం. ముందుపళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. హిందూపురంలో ఉండే మా తమ్ముడు కరెంటు బ్రష్షు కొనిచ్చాడు. రోజూ గట్టిగా తోముతున్నా మచ్చలు పోవడం లేదు. మా మామకు చేయి వణుకుతుంది, ఆయన ఇలాంటిది వాడొచ్చా? మా ఆరేళ్ల పాపకూ ఈ మచ్చలొస్తాయేమోనని భయంగా ఉంది.
– ఒక సోదరి, ధర్మవరం

జవాబు: ముందు ఆ గట్టిగా తోమడం ఆపండమ్మా. పన్ను అరుగుతుంది, చిగురు కిందికి జారుతుంది. మచ్చ మాత్రం కదలదు.

మీరు చెప్పినదాన్నిబట్టి అవి ఫ్లోరోసిస్ మచ్చలు కావచ్చు. మన ప్రాంతపు రాతినేలలో ఫ్లోరైడ్ ఉంది, అది బోరునీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు పసితనంలో ఏళ్ల తరబడి తాగితే, చిగురు లోపల తయారవుతున్న ఎనామిల్ దెబ్బతింటుంది. అంటే పన్ను మొలవకముందే పడిన మచ్చ అది. ఏ బ్రష్షుకూ అందదు. దంతవైద్యులు పైపొరను సన్నగా సానబట్టో, పంటిరంగు పూత వేసో కనబడకుండా చేయగలరు. పరీక్ష చేయించుకుంటే మచ్చ ఎంత లోతో తెలుస్తుంది.

కరెంటు బ్రష్షు తీసేది పాచిని. గట్టిపడిన గారను కూడా తీయలేదు, దానికి ఆసుపత్రిలో క్లీనింగే దారి. పిడిలోని చిన్న మోటారు ఒక రకంలో గుండ్రటి తలను అటూ ఇటూ తిప్పుతుంది, సోనిక్ రకంలో కుచ్చును నిమిషానికి వేలసార్లు అదిరేలా చేస్తుంది. తోమే పని అదే చేస్తుంది కాబట్టి చిగురు అంచున ఆనించి, ఒక్కో పన్ను దగ్గర కాస్త ఆగుతూ జరిపితే చాలు. మొత్తం రెండు నిమిషాలు. 56 ప్రయోగాలను కలిపి చూసిన 2014 నాటి కోక్రేన్ సమీక్షలో, మామూలు బ్రష్షుతో పోలిస్తే మూడు నెలల తర్వాత పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. చేత్తో శ్రద్ధగా తోముకునేవారు దీన్ని కొనితీరాలని నేననను.

మీ మామకు మాత్రం తప్పకుండా ఇప్పించండి. 1954లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన తొలి కరెంటు బ్రష్షు బ్రాక్సోడెంట్‌ను చేతులు సరిగా ఆడనివారిని దృష్టిలో పెట్టుకునే చేశారు. పిడి లావుగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది. ఒకే పిడిని ఇద్దరూ వాడుకుంటే ఆయనకు వేరే తల పెట్టండి. తలను మూడు నెలలకోసారి మార్చండి.

పాప విషయంలో బ్రష్షుకంటే నీళ్లు ముఖ్యం. ముందుపళ్ల ఎనామిల్ ఈపాటికే తయారై ఉంటుంది, వెనక పళ్లది ఇంకా సాగుతోంది. ఇంట్లో వాడే నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఎక్కువుందని తేలితే తాగడానికే కాదు, వంటకూ ఆర్‌వో నీళ్లే వాడండి. పేస్టు బఠాణీ గింజంత వేసి, మింగకుండా ఉమ్మేలా ఎనిమిదేళ్లు వచ్చేదాకా పక్కనే ఉండి తోమించండి. భయపడి ఫ్లోరైడ్ పేస్టు మానేయకండి, పుచ్చుపళ్లు రాకుండా ఆపేది అదే.