గరుకు గోడకు రంగు వేయుట

ఇంటి గోడలలో నున్ననివి కొన్ని, గరుకైనవి కొన్ని. తాపీపనివాడు గారను రుద్ది అద్దమువలె చేసినవి మొదటి తెగ. ఇసుక పైకి తేలునట్లు గాని, చారలు తీసి గాని, మిట్టపల్లములు నిలిపి గాని విడిచినవి రెండవ తెగ. ఈ రెండవ తెగ గోడలకు గదిలోపల రంగు వేయు విధము విద్యార్థులకు ఉపయోగపడునని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేమొక పాఠశాలలో పనిచేయుచుండగా క్రొత్త గదికి గరుకుపూత పూసిరి. వార్షికోత్సవము దగ్గరపడెను. విద్యార్థుల చందాసొమ్ముతో మెఱుగు నూనెరంగు తెప్పించి, గోడ ఆరక మునుపే వేయించితిమి. ఉత్సవదినమున గోడ మెఱసెను, అందఱును మెచ్చుకొనిరి. వానకాలము గడచుసరికి రంగు బొబ్బలెత్తి, పెచ్చులై పిల్లల పుస్తకములపై రాలెను. "మేష్టరుగారూ, మన డబ్బులు రాలిపోతున్నాయండి" అని యొక చిన్నవాడు అనెను. అతనికి చెప్పుటకు మాయొద్ద సమాధానము లేకపోయెను.

ఏల రాలెను? సున్నపు గారయందును సిమెంటు గారయందును క్షారగుణము కలదు. గోడ చెమ్మగా నున్నప్పుడు ఆ క్షారము రంగులోని నూనెను సబ్బుగా మార్చును. అదిగాక నూనెరంగు పొరగా బిగియును. లోపలి చెమ్మ వెలికివచ్చు దారి లేక ఆ పొరను వెనుకనుండి త్రోయును.

సున్నపు వెల్లకు ఈ చిక్కు లేదు. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. అది నీటితో కలిసి తడిసున్నమగును. గోడకు పూసిన పిదప గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల రాయిగా మాఱును. కావున వెల్ల గోడకు పలుచని రాతిపూత వంటిది; అది చెమ్మను అడ్డగింపదు. గోడ గరుకుదనమే దానికి పట్టు. అజంతా గుహలలో ఱాతిని గరుకుగా చెక్కి విడిచినది కూడ పైని మట్టిపూతకు పట్టు దొరకుట కొఱకే.

అయితే సున్నములో అన్ని రంగులును నిలువవు. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగునని పారాణి చూచినవారందఱికిని తెలియును. ఇనుము కలిసిన మన్నులు, అనగా జేగురును పసుపుపచ్చని మన్నును, చెడక నిలుచును. అల్ట్రామెరీన్ నీలమును నిలుచును. ప్రష్యన్ నీలము చెడును.

ఇక పని. గోడ బాగుగా ఆరిన పిదప దుమ్ము దులిపి, నీటితో తడిపి, లేతరంగు కలిపిన వెల్లను పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. పూతకును పూతకును ఒకనాటి యెడ ముండవలెను. తడిగా నున్నప్పుడు ముదురుగా కనబడిన రంగు ఆరిన తరువాత లేతయగును. కావున ముందుగా ఒక మూల పూసి, ఆరనిచ్చి చూడుడు.

అందము తెచ్చు పూతలు రెండు విధములు. మొదటిది పల్లపురంగు: అదే రంగును కొంచెము ముదురుగా, పలుచగా కలిపి, మూరెడు చోటున పూసి, ఆరకముందే తడిస్పంజితో మిట్టలను తుడువవలెను. రంగు పల్లములలో నిలిచి నీడవలె నుండును. రెండవది మిట్టరంగు: కుంచెను ముంచి, గోనెపట్టపై తుడిచి, తడి దాదాపుగా పోయిన పిదప తేలికగా లాగవలెను. రంగు మిట్టలకే అంటును. ఒకే గోడకు ఈ రెండింటిలో ఒకటి చాలును.

జాగ్రత్తలు మఱువకుడు. సున్నముపై నీరు పోయరాదు. నీటిలో సున్నమును కొంచెము కొంచెముగా పెద్దవారే వేయవలెను. కండ్లకు అద్దములుండవలెను. కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునియొద్దకు పోవలెను. పాత నూనెరంగును పొడిగా గీకరాదు, దానిలో సీసముండవచ్చును. ఇండ్ల లోపలి రంగులలో సీసపు తెలుపును మానవలెనని 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసెను. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నిబంధన 2017 నవంబరునుండి అమలులో నున్నది.

మా గది సంగతి చెప్పి ముగింతుము. పెచ్చులూడిన రంగును తడిపి తీయించి, గోడను ఒక వేసవి యంతయు ఊరక ఆరనిచ్చితిమి. తరువాత జేగురు కలిపిన లేతవెల్లయు, దానిపై పల్లపురంగును విద్యార్థులే మాతో కలిసి వేసిరి. నూనెరంగునకైన సొమ్ములో స్వల్పభాగమే దీనికి పట్టెను. ఆ చిన్నవాడే స్పంజి పట్టి మిట్టలు తుడిచెను. తరువాతి వానకాలమున అతడు దినదినమును గోడకు చేయి రాచి చూచి, "ఏమీ రాలలేదండి" అని మాకు చెప్పుచుండెను. అతడు లోగడ అనిన మాటకు మేము గోడతోనే సమాధానము చెప్పగలిగితిమి.