పాత వెసెల్‌కు ఇంకెంత ఆయుష్షు?

నారాయణఖేడ్ నుంచి పాశమైలారానికో, బొల్లారానికో, జహీరాబాద్ వైపు చక్కెర ఫ్యాక్టరీకో ఫిట్టర్‌గా వెళ్లే కుర్రాళ్ల చెవిన త్వరలోనే పడే మాట ఒకటుంది: "పదేండ్ల సంది నడుస్తున్నది, ఏం కాలే." ఆ మాట నమ్మి పని చేయకండి. అలాగని పాతదల్లా తుక్కే అని కూడా అనకండి. సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్ల ప్రెషర్ వెసెల్ భేషుగ్గా ఉండొచ్చు. యాసిడ్ తగిలితే మూడేళ్లదే పనికిరాకుండా పోవచ్చు. తేల్చాల్సింది రేకు మందం, అది తరుగుతున్న వేగం, ఎక్కడైనా పగులుందా అన్న సంగతి.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. మొదట రియాక్టర్ పేలిందని ప్రచారమైంది గానీ పేలుడు జరిగింది డ్రయ్యర్ విభాగంలో. మృతుల్లో ఒకరి కుమారుడు, యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి చెప్పినా యాజమాన్యం వినలేదని పోలీసు ఫిర్యాదులో ఆరోపించారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మనం చేయగలిగిందల్లా, అలాంటి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు అంకెతో, తేదీతో రాసి ఇవ్వడం.

ఆ అంకె ఎలా వస్తుందో చూద్దాం. లోపలి వ్యాసం 1,200 మి.మీ., ప్రెషర్ 10 కేజీలు, 10 మి.మీ. రేకుతో చేసిన వెసెల్ అనుకోండి. డిజైన్ లెక్కలో కనీసం 6 మి.మీ. ఉండి తీరాలి. పన్నెండేళ్ల తర్వాత యూటీ (అల్ట్రాసోనిక్) మీటరుతో కొలిస్తే 7.6 వచ్చింది. తరిగింది 2.4, అంటే ఏడాదికి 0.2. మిగిలిన 1.6 ఆ లెక్కన ఎనిమిదేళ్లు వస్తుంది. మేనేజరు సంతోషిస్తాడు. ఇప్పుడు పాత రిజిస్టరు తిరగేయండి. రెండేళ్ల కిందటి రీడింగు 8.4 ఉందనుకుందాం. ఈ రెండేళ్లలో ఏడాదికి 0.4 చొప్పున తినేసింది! ఆయుష్షు సగానికి పడి నాలుగేళ్లయింది. మిగిలిన ఆయుష్షులో సగం గడిచేలోపు మళ్లీ కొలవాలన్నది రిఫైనరీల్లో పాటించే ఏపీఐ 510 పద్ధతి, కాబట్టి తర్వాతి తనిఖీ రెండేళ్లలోపే. వేగం ఎందుకు పెరిగిందన్నది అసలు ప్రశ్న: కొత్త ప్రాడక్టు వచ్చిందా, నీటి ట్రీట్‌మెంటు ఆపేశారా?

రీడింగు ఎక్కడ తీశారన్నదీ అంతే ముఖ్యం. చేతికందే చోట నాలుగు పాయింట్లు కొట్టి రిపోర్టు నింపేయడం మామూలైపోయింది. తుప్పు మాత్రం అడుగున డ్రెయిన్ నాజిల్ దగ్గర, సపోర్టు కింద, ఇన్సులేషన్‌లో నీళ్లు దిగిన చోట దాక్కుంటుంది. 2020 మే 7న విశాఖలో స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిన ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు ప్రెషర్ వెసెల్ కాకపోయినా పాఠం ఇదే: ఉష్ణోగ్రత కొలిచింది అడుగున, వేడెక్కింది పైభాగం. గ్లాస్‌లైన్డ్ రియాక్టరైతే మందం మీటరొక్కటే సరిపోదు. లోపలి గాజు పూత గోరంత ఊడినా అక్కడి నుంచి యాసిడ్ స్టీలును తొలుస్తుంది. ఆ పూతకు స్పార్క్ టెస్ట్ ఎప్పుడు చేశారో అడగండి. నేమ్ ప్లేట్ లేని సెకండ్ హ్యాండ్ వెసెల్‌కు ముందు పుట్టుపూర్వోత్తరాలు కావాలి. ఏ రేకో తెలియకపోతే 6 మి.మీ. అన్న లెక్కే వేయలేం.

"హైడ్రో టెస్ట్ పాసైంది" అన్న మాటకూ హద్దుంది. ఆ రోజు ఆ ప్రెషర్‌కు తట్టుకుందని చెబుతుందే తప్ప వచ్చే ఏడాది సంగతి చెప్పదు. నీళ్లకు బదులు గాలితో టెస్ట్ చేద్దామని ఎవరన్నా అంటే పక్కకు తప్పుకోండి. నీరు దాదాపు కుంచించుకోదు కాబట్టి చీలినా ప్రెషర్ వెంటనే పడిపోతుంది. గాలైతే బాంబులా పేలుతుంది.

చక్కెర ఫ్యాక్టరీల బాధ వేరు. క్రషింగ్ సీజన్ కొన్ని నెలలే, మిగతా ఏడాది బాయిలర్ ఖాళీగా ఉంటుంది. ట్యూబుల్లో కాస్త తడి మిగిలినా నడిచే రోజులకన్నా ఆగిన రోజుల్లోనే తుప్పు ఎక్కువ తింటుంది. 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్‌ను మళ్లీ తెరుస్తామన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది అక్కడి బాయిలర్లే. ఇన్నేళ్లు ఆగిన వాటిని ట్యూబు ట్యూబు చూడకుండా మంట పెట్టే ప్రశ్నే ఉండకూడదు. 1950 బాయిలర్ నిబంధనల్లో 391ఏ ప్రకారం పాతికేళ్లు నిండిన బాయిలర్‌కు మిగిలిన ఆయుష్షు పరీక్ష చేయించాలి. బాగుంటే గరిష్ఠంగా పదేళ్లు పొడిగిస్తారు. 1923 చట్టం పోయి 2025 బాయిలర్ల చట్టం వచ్చినా ఏటా సర్టిఫికెట్ తప్పదు. అది బాయిలర్ హౌస్‌లో కనిపించకపోతే అడగడానికి మొహమాటపడొద్దు.

పరీక్ష తర్వాత నిర్ణయం ఇంజనీర్లది, ఇన్‌స్పెక్టర్లది: ఉన్నట్టే నడపడం, ప్రెషర్ తగ్గించి నడపడం, రిపేరు, తీసేయడం. ప్రెషర్ తగ్గించామన్న చోట మోసం ఎక్కువ. కాగితం మీద 10 నుంచి 7కు దించుతారు, సేఫ్టీ వాల్వ్ మాత్రం పాత సెట్టింగులోనే ఉంటుంది. వాల్వ్ ట్యాగ్ మీది అంకె మీరు స్వయంగా చదవండి. అలాగే లీకైన చోట "చిన్న ప్యాచ్ వేసెయ్ తమ్మీ" అంటే, రాతపూర్వక అనుమతి లేనిదే వెల్డింగ్ రాడ్ పట్టొద్దు. ఆ వేడికి పక్కనే కొత్త పగులు పుట్టగలదు.

కళ్ల ముందు ప్రమాదం కనిపిస్తే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి తెలిపే హక్కు 1948 ఫ్యాక్టరీల చట్టం 41-హెచ్‌లో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 కార్మిక భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. కాంట్రాక్టు కూలీకి ఉద్యోగం పోతుందన్న భయం నిజమే. అందుకే ఒంటరిగా కాకుండా సేఫ్టీ కమిటీ ద్వారా, లేదా నలుగురి సంతకాలతో ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇక మీ ఎదుగుదల మాట. ఐటీఐ ఫిట్టరో వెల్డరో అయి, కొన్నేళ్లు షట్‌డౌన్ పనులు చేసినవాళ్లకు యూటీ లెవెల్-2 సర్టిఫికెట్ మంచి దారి. ఇక్కడా పనుంది, గల్ఫ్‌లోనూ ఉంది. ఫీజు కట్టేముందు శిక్షణ ఇచ్చే ఇన్‌స్టిట్యూట్‌ను ఒక్కటే అడగండి: ప్రాక్టికల్‌కు నిజంగా తుప్పుపట్టిన పైపు ముక్కలు ఇస్తారా, నున్నటి మెరిసే బ్లాకులేనా? బ్లాకులే అంటే ఇంకో చోట చూసుకోండి.