వాన పడితే నిద్రపోని మనిషి

ప్రశ్న: మా ఆయన విపత్తు సహాయక దళంలో ఉన్నారు. 2021లో చెయ్యేరు వరదకు వెళ్లి శవాలు వెలికితీశారు. ఇప్పటికీ పెద్దవాన పడితే నిద్రపోరు, పిల్లల మీద అరుస్తారు, వరద వచ్చిన రాజంపేట వైపే వెళ్లరు. ఇది ధైర్యం లేకనా?
- ఒక సోదరి, బైరెడ్డిపల్లె

జవాబు: కాదమ్మా. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. ఆ ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్లు మునిగాయి. అక్కడ చూసినవి ఎంత గట్టి మనిషినైనా వెంటాడతాయి.

మెదడులో అమిగ్డలా ప్రమాదాన్ని పసిగడుతుంది. 'అది అప్పటిది, అక్కడిది' అని తెలియజెప్పేది హిప్పోక్యాంపస్. భయానికి కళ్లెం వేసేది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ భాగం. మీ ఆయనకున్నవి పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన మిగిల్చే మానసిక గాయం, లక్షణాల్లా ఉన్నాయి. ఆ జబ్బులో అమిగ్డలా అతిగా స్పందిస్తుంది, మిగతా రెండూ దాన్ని సరిగ్గా అదుపు చేయలేవు. అందుకే వాన చప్పుడు వింటే చాలు, గుండె దడదడలాడుతుంది, ఆ వరద మళ్లీ కళ్లముందే ఉన్నట్టుంటుంది.

ఇలాంటి లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించాల్సిందే. ఇన్నేళ్లు గడిచాయని దిగులు పడకండి, చికిత్స ఇప్పుడూ పనిచేస్తుంది. ఆ ఘటన మీదే దృష్టిపెట్టే సీబీటీ, ఈఎండీఆర్ అనే మానసిక చికిత్సలు ముఖ్యమైనవి. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులిస్తారు. జరిగిందంతా చెప్పమని మీరు బలవంతపెట్టొద్దు. నిద్ర కోసం మద్యం అసలు వద్దు, జబ్బు ముదురుతుంది.

మీకు బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్యశాల దగ్గరే. అంతకన్నా ముందు ఈరోజే టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. ఆయన నోట ప్రాణం మీద విరక్తి మాటలు వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.