మజూరీని బియ్యముతో కొలుచుట

మన తాతముత్తాతల కాలములో నేతగాడు సుఖముగా బ్రతికెనా? ఈ ప్రశ్నకు పెద్దలు తలకొక జవాబు చెప్పుదురు. చరిత్రకారులు మాత్రము లెక్క చూపుమందురు. ఆ లెక్క వేయు పద్ధతి మన సభ్యులకును పనికివచ్చునది.

వరాహాను షిల్లింగుతో నేరుగా పోల్చరాదు. అందుచేత ఆనాటి కూలితో ఎంత ధాన్యము వచ్చెడిదో లెక్కింతురు. ప్రసన్నన్ పార్థసారథి 1998లో ప్రచురించిన వ్యాసములో, 18వ శతాబ్దపు దక్షిణ భారత నేతగాండ్ర కూలి ధాన్యము లెక్కన ఇంగ్లండు నేతగాండ్ర కూలికి తీసిపోదని వాదించిరి. 2006లో స్టీఫెన్ బ్రాడ్‌బెర్రీ, బిష్ణుప్రియ గుప్తా మరికొన్ని పద్దులు కూర్చి, ఆ శతాబ్దమున ధాన్యము లెక్కన కూడ ఇంగ్లండు కూలియే ఎక్కువనిరి. కొలత ఒక్కటే అయినను, దొరికిన పద్దులు ఎన్ని, అవి ఎవరివి అనుదానిని బట్టి జవాబు మారును.

ఇదే కొలతను మన ఇంట వేసి చూతము. ఒకప్పుడు చీరకు మజూరీ 500 రూపాయలు, కిలో బియ్యము 25 రూపాయలు అనుకొందము. చీరకు 20 కిలోల బియ్యము వచ్చినది. తరువాత మజూరీ 800, బియ్యము 50 అయినచో, వచ్చునది 16 కిలోలే. రూపాయలు 300 పెరిగినవి. బియ్యము 4 కిలోలు తగ్గినది.

ఇంకొక మెలిక కలదు. ఆ చీరకు మగ్గము మీద ఒకరు 4 దినములు, కండెలు చుట్టుట మొదలగు పనులకు ఇల్లాలు 4 దినములు పనిచేసినచో మొత్తము 8 దినముల పని. తలకు దినమునకు 2 కిలోలే పడినది. పద్దులో నేసినవాని పేరు మాత్రమే యుండును. ఇల్లాలి శ్రమ లెక్కలోనికి రాదు. అట్టి పద్దును చూచినవారు దినమునకు 4 కిలోలని పొరబడుదురు.

కావున ప్రతి కుటుంబము చీర చీరకు నాలుగు సంగతులు వ్రాసి యుంచవలెను: తేదీ, ముట్టిన మజూరీ, ఇంటివారందరి పనిదినములు, ఆనాటి బియ్యము ధర. మజూరీ పెంపు అడుగునప్పుడు ఈ పుస్తకమే మనకు సాక్ష్యము. పాత మజూరీ పుస్తకములను తూకమునకు అమ్మివేయక భద్రపరచుడు.