నర్సు పట్టా: ఆసుపత్రి బయట దాని విలువ, దాని హద్దు

వధూవరుల పేర్ల ప్రక్కన వారి చదువులను శుభలేఖలో అచ్చు వేయించుట మనలో చిరకాలముగా నున్న ఆచారము. ఇప్పుడు జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ అను అక్షరములు కూడ ఆ వరుసలో కనుపించుచున్నవి. కష్టించి సంపాదించిన చదువును చెప్పుకొనుటలో తప్పు లేదు. మేము వానిని చూచి సంతోషించుచున్నాము. అయితే ఆ అక్షరములు పెండ్లిపందిటితో ఆగవు. ఆమె కాలు పెట్టిన ఇంటికి మరునాటినుండి ఎవరో ఒకరు సూదిమందు చేతబట్టుకొని వచ్చుచుందురు. అందుచేత ఈ పట్టా సంగతి నర్సులకంటె ముందు వారి ఇరుగుపొరుగువారు తెలిసికొనవలసి యున్నది.

ఎ.ఎన్.ఎం. చదువు 2 సంవత్సరములు, జి.ఎన్.ఎం. 3, బి.ఎస్సీ. నర్సింగ్ 4 సంవత్సరములు. పరీక్ష నెగ్గినంత మాత్రమున చాలదు. రాష్ట్ర కౌన్సిలువారి రిజిస్టరులో పేరు ఎక్కవలెను. పేరు చివర ఆర్.ఎన్., ఆర్.ఎం. అని యున్నచో రిజిస్టరైన నర్సు, రిజిస్టరైన మంత్రసాని అని అర్థము. దేశమంతట ఈ చదువు ఒకే ప్రమాణమున నుండుటకై 1947లో భారత నర్సింగ్ కౌన్సిలు చట్టము వచ్చినది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమీషను చట్టమును చేసినది. నాలుగు నెలలు ఏదో ఒక ఆసుపత్రిలో పనిచేసి తెల్లకోటు తొడిగిన పిల్లను కూడ మనము నర్సమ్మ అనియే పిలుచుచున్నాము. ఆమె బుద్ధిమంతురాలే కావచ్చును గాని, నర్సు కాదు.

ఇక పల్లెలో జరుగునది చూడుడు. రైతునకు రెండు దినములుగా జ్వరము. దుకాణములో యాంటీబయాటిక్ ఇంజెక్షను కొని, సెలవుకు పుట్టింటికి వచ్చిన నర్సు గుమ్మమెక్కును. "ఏమ్మా కోడలా, ఆసుపత్రిలో ఊరందరికీ వేస్తావు, ఈ మామకొక్క సూది వెయ్యలేవా?" అని అడుగును. కాదన్నచో చదువుకొని గర్వము పట్టినదందురు. ఔనన్నచో నిండు ప్రాణమును ఒడ్డిన దగును. ఏలయనగా, ఆసుపత్రిలో ఆమె వేయు ప్రతి సూది వెనుక డాక్టరు వ్రాసిన ఉత్తరువున్నది; ప్రక్క బల్లమీద అడ్రినలిన్, ఆక్సిజన్ సిద్ధముగా నున్నవి. కొందరి ఒంటికి కొన్ని మందులు పడవు. అట్టివారికి కొద్ది నిమిషములలోనే ఒడలు దద్దురులెక్కి, గొంతు వాచి, ఊపిరాడక, రక్తపుపోటు పడిపోవును. వెంటనే అడ్రినలిన్ ఇయ్యనిచో మనిషి దక్కకపోవచ్చును. ఇంటి అరుగుమీద అవి ఎక్కడివి? చేయి అదే, నేర్పు అదే. వెనుకనుండవలసిన ఏర్పాటు మాత్రమే లేదు. అదిగాక, 1945 నాటి ఔషధ నియమముల ప్రకారము ఇట్టి మందులను రిజిస్టరైన డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. నర్సు పేరు చెప్పి కొనుట చీటీతో సమానము కాదు.

అట్లని ఆమె చదువు ఊరికి పనికిరాదని మేము చెప్పుట లేదు. డాక్టరు వ్రాసిన చీటీలో ఏ మాత్ర అన్నమునకు ముందో, ఏది తరువాతో ఆమె విడమరచి చెప్పగలదు. విరేచనములైన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును సరిగా ఒక లీటరు నీటిలో కలిపి, 24 గంటలలో వాడవలెనని తల్లికి చేసి చూపగలదు. పాము కాటు వేసినచోట కోయనీయక, త్రాడు బిగించి కట్టనీయక, ఆ కాలు కదలకుండ ఉంచి, 108 బండిని పిలిపించగలదు. గుండె ఆగి పడిపోయినవాని రొమ్మును నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుచు ప్రాణము నిలుపుటకు ప్రయత్నింపగలదు. రోడ్డు ప్రమాదములో ప్రతిఫలమాశింపక, సద్బుద్ధితో అత్యవసర సహాయము చేసినవారికి 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది. కోర్టు భయముతో వెనుదీయ నక్కరలేదు.

కొన్ని పనులు మాత్రము బొత్తిగా కూడవు. బలము పొడుల డబ్బాలు అమ్మిపెట్టుటకు నర్సు పేరు వాడుకొనుట అందులో నొకటి. పట్టా నకలును ఏదో నర్సింగ్ హోమునకు అరువిచ్చి, తాను అక్కడ పనిచేయకయే తనిఖీదారులకు చూపనిచ్చుట మరియొకటి. అక్కడ ఏదైన అనర్థము జరిగినచో కాగితముమీద నున్న పేరు ఆమెదే.

చివరకు ఇంటివారి సంగతి. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి వచ్చిన కోడలికి, మంచము పట్టిన అత్తగారి సేవ మొత్తము అప్పగించుట అనేక కుటుంబములలో పరిపాటియైనది. "నర్సువు కదా, నీకు తెలిసిన పనే" అందురు. ఆ పని నేర్వరానిదేమియు కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన గ్రంథము సయితము వృత్తి నర్సులకు గాక, ఇంటిలో రోగులను చూచుకొను సామాన్యులకై వ్రాసినదే. కోడలు ఒక్కపూట కూర్చుండి నేర్పినచో కొడుకు కూడ తల్లిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పగలడు. తడిసిన దుప్పటి మార్చగలడు. మడమలు, తుంటి, నడుము క్రింది ఎముక దగ్గర చర్మము ఎఱ్ఱబారినదేమో దినము చూడగలడు. వ్రేలితో నొక్కినను ఆ ఎఱుపు పోనిచో అది పుండుకు మొదలు. దానిని మర్దన చేయరాదు, ఆ వైపు పరుండబెట్టరాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఆ దినమే చెప్పవలెను.