కుట్లు మానాయి, వ్యాయామం ఎప్పుడు?

ప్రశ్న: సిజేరియనై ఆరు వారాలైంది. పొట్ట తగ్గడానికి వ్యాయామం చేయొచ్చా? అమ్మ నడికట్టు కట్టుకోమంటోంది.
– ఓ సోదరి, గూడూరు, కృష్ణా జిల్లా

జవాబు: పైన కుట్లు మానినా లోపలి పొరలు గట్టిపడటానికి నెలలు పడుతుందమ్మా. ముందు బందరు ప్రభుత్వాసుపత్రిలోనో, ఆపరేషన్ చేసిన డాక్టరుకో చూపించుకోండి. సరేనంటే, ఎండెక్కకముందే పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలండి. ఇలా పదేసి సార్లు, రోజుకు మూడు విడతలు చేయాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయొద్దు. పరుగు, గెంతులు మూడు నెలలు దాటాకే. నిండు బిందెలు ఇప్పుడే ఎత్తకండి. నడికట్టు ఆసరా ఇస్తుందే తప్ప పొట్టను కరిగించదు. పథ్యమంటూ కడుపు మాడ్చుకోకండి. పాలిచ్చే తల్లికి పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప అన్నీ కావాలి. కుట్ల దగ్గర చీము, జ్వరం, ఎక్కువ రక్తస్రావం, కాలిపిక్కలో వాపు, నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.