ఆ అయిదు వేలు ఎటు పోయాయి?

నడికుడి



కార్డు లావాదేవీల చరిత్రను తెచ్చి చూపించే సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ రాసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కోడ్ చేతికివ్వకుండా రాతపని ఇచ్చారని చిన్నబుచ్చుకున్నావట. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న ఈ పెదనాన్నకు అది చిన్నపని అనిపించలేదు.

రిటైరయ్యే ముందు సంగతి. సున్నపు బట్టీలో పనిచేసే ఒకాయన శనివారం ఏటీఎంలో 5,000 కొట్టాడు. మిషన్ గరగరమని ఆగిపోయింది. నోట్లు రాలేదు, డబ్బు తీసినట్టు ఫోన్‌కు మెసేజ్ మాత్రం వచ్చింది. సోమవారం తలుపులు తీసేసరికే కౌంటర్ ముందు నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో సున్నం ఇంకా తెల్లగానే ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు స్క్రీన్ మీద లెక్క తీశాడు. రెండు వరుసలు కనిపించాయి: 0200 అని ఒకటి, 0400 అని ఇంకొకటి, రెండింటికీ 5,000. "రెండుసార్లు తీశారేమో" అన్నాడు కుర్రాడు. ఆ మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

కార్డు సందేశాలకు ఐఎస్‌ఓ 8583 అనే ప్రమాణం 1987 నుంచీ ఉంది. అందులో 0200 అంటే డబ్బు అడిగిన లావాదేవీ. 0400 అంటే రివర్సల్, దాన్ని వెనక్కి తిప్పడం. అంటే పోయిన డబ్బు తిరిగొచ్చే దారిలోనే ఉంది. ఆ ఒక్క వాక్యం రాసిన కాగితం కుర్రాడి దగ్గర లేదు. నీ డాక్యుమెంట్‌లో మొదటి పేజీ ఆ వాక్యానికే ఇవ్వు. ఏ రివర్సల్ ఏ లావాదేవీకి చెందిందో ఎలా పోల్చాలో ఒక నమూనాతో చూపించు.

తర్వాత సొమ్ము ఎలా రాస్తారన్న సంగతి. ఆ ప్రమాణంలో సొమ్ముకు 12 అంకెల గడి, చుక్క ఉండదు. 500 రూపాయలు 000000050000 అని వస్తాయి, చివరి రెండూ పైసలు. మీ టూల్ దాన్ని రూపాయల్లోకి మార్చి ఇస్తుందా, పైసల్లోనే వదిలేస్తుందా? రాయకపోతే ఎవరో ఒకరు 500ను 50,000గా చదువుతారు.

తేదీ ఇంతకంటే చిక్కు. సందేశం పంపిన వేళను గ్రీనిచ్ కాలంలో నమోదు చేసే గడి ఒకటి, మిషన్ ఉన్న ఊరి తేదీ, వేళలకు విడిగా గడులు ఉంటాయి. మన నడికుడి జంక్షన్‌లో తెల్లవారుజామున రైలు దిగిన మనిషి ఏప్రిల్ 1న 4 గంటలకు డబ్బు తీశాడనుకో. గ్రీనిచ్ లెక్కలో అది మార్చి 31 రాత్రి 10:30. ఆర్థిక సంవత్సరమే మారిపోయింది! పైగా డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, లావాదేవీ జరిగిన తేదీ తర్వాత 5 రోజుల్లోగా తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారు అడక్కపోయినా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఆదేశించింది. ఆ లెక్కకు మొదలు క్యాలెండర్ తేదీ. మీ టూల్ ఏ తేదీ చూపిస్తుందో చెప్పకపోతే ఒక కూలీ మనిషికి రావాల్సిన వంద రూపాయల లెక్క తప్పుతుంది.

మీ టూల్ ఎవరి రికార్డు తెస్తుందో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ బ్యాంకుల ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004 ఆగస్టులో ప్రారంభించింది, 2009 డిసెంబరులో దాని నిర్వహణ జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి వెళ్లింది. ఆ స్విచ్ ద్వారా ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు మిషన్‌లో పెడితే మిషన్ బ్యాంకు, స్విచ్, కార్డు ఇచ్చిన బ్యాంకు, ముగ్గురూ ఎవరి పద్దు వాళ్లు రాసుకుంటారు. మూడింటినీ కలిపే ముడి 12 స్థానాల రిఫరెన్స్ నంబరు, ఆర్‌ఆర్‌ఎన్. స్లిప్పు మీద అదెక్కడ ఉంటుందో బొమ్మ వేసి చూపించు.

"లావాదేవీలు లేవు", "లావాదేవీలు తేలేకపోయాం": ఈ రెంటినీ కలిపేయకు. సర్వర్ పలకనప్పుడు ఖాళీ జాబితా చూపిస్తే, కౌంటర్లోని మనిషి "మీరసలు డబ్బే తియ్యలేదు" అంటాడు.

నమూనాల్లో ఎవరి అసలు కార్డు నంబరూ పెట్టొద్దు, నీది కూడా. కార్డు వివరాల భద్రతకు పెట్టిన పీసీఐ డీఎస్‌ఎస్ నియమాల ప్రకారం తెర మీద మామూలుగా కనిపించాల్సింది బ్యాంకును గుర్తించే మొదటి అంకెలు, చివరి నాలుగు, అంతే. కార్డు వెనకున్న సీవీవీని లావాదేవీకి అనుమతి వచ్చాక దాచుకోవడమే నిషేధం. కాబట్టి సీవీవీ గడి మీ టూల్‌లో కనబడితే డాక్యుమెంట్ ఆపి ముందు మీ పైవాళ్లకు చెప్పు.

సున్నపు బట్టీ ఆయన డబ్బు బుధవారం ఖాతాలో పడింది. ఆ మూడు రోజులూ ఆయన పనికి సెలవు పెట్టి బ్రాంచి చుట్టూ తిరిగాడు. మూడు కూలీలు పోయాయి.

పండక్కి వచ్చేటప్పుడు మొదటి ముసాయిదా ప్రింటు తీసి పట్రా. స్టేషన్‌కు పెదనాన్న వస్తాడు. ఆ రోజు కౌంటర్లో కూర్చున్న కుర్రాడు ఇప్పుడు మేనేజరయ్యాడు. ఆ కాగితాలు అతని చేతికిచ్చి, నువ్వు పక్కన కూర్చుని, అతను ఎక్కడ ఆగాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న